గ్రిజెల్ కత్తెర

గ్రిజెల్ కంటపడిన ఈక గానీ బొచ్చు గానీ సొంతదారు దగ్గర వారం నిలిచేది కాదు. ఏప్రన్ జేబులో ఎప్పుడూ చిన్న కత్తెర. పెళ్ళికి వచ్చినా చావుకు వచ్చినా ముందు పలకరించేది మనుషులను కాదు, వాళ్ళ బొచ్చు కోట్లను. కత్తిరించినదంతా గాలం కొక్కేలకు చుట్టి, సాల్మన్ చేపలకు ఎరగా వేసే ఉత్తుత్తి ఈగలు కట్టేది. అదే ఆమె బతుకుతెరువు.

ఒక ఆదివారం చర్చి మెట్ల మీద పాస్టరమ్మ ఆమెను పట్టుకుంది.

“నా టోపీకి రెండు వైపులా ఫెజంట్ పిట్ట ఈకలుండాలి. ఎడమ వైపుది ఏదీ?”

“నదిలో ఉందండీ.”

“సిగ్గు లేదూ! ప్రార్థనలో తల వంచిన మనిషి నెత్తిన కత్తెర వేస్తావా?”

“తల ఎత్తితే నాకు అందదు కదండీ. అయినా ఆరేళ్ళు మీ నెత్తిన ఉంటే దాన్నెవరూ తిరిగి చూడలేదు. నీళ్ళలో వేసిన పూటే పదిహేను పౌండ్ల చేప నోరు తెరుచుకుని వచ్చింది.”

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. “మంగళవారం నా గాలానికి పడ్డదా, గ్రిజెల్?”

“అదేనండీ.”

ఆయన తన భార్య టోపీని కాసేపు పరిశీలనగా చూశారు. “ఒక వైపే ఉంటే ఏం బాగుంటుంది ఇసొబెల్? రెండోదీ ఇచ్చెయ్యి.”

నేను నది ఒడ్డు లాడ్జిలో వంట చేసేదాన్ని. చదువు రెండో తరగతితో సరి. కానీ ఈగ అందంగా ఉందో లేదో చెప్పడానికి చదువెందుకు? గ్రిజెల్ ఈగలు ఒకప్పుడు నగల్లా ఉండేవి. ఉన్నట్టుండి చెడ్డాయి. ఒకదానికి కుక్క బొచ్చు, ఇంకోదానికి పిల్లి బొచ్చు. కొన్ని అచ్చం తడిసిన ఎలుక పిల్లలు.

“నీ పనితనం పడిపోయిందే” అన్నాను.

“కొరకాల్సింది చేప. నువ్వు కొరక్కు” అంది.

కొనేవాళ్ళు తగ్గిపోయారు. ఫార్కర్ ఒక్కడే అవి తప్ప వేరేవి ముట్టేవాడు కాదు. ఫార్కర్ మా నదికి గిల్లీ. గాలం వెయ్యడానికి వచ్చే దొరలను ఒడ్డు వెంట తిప్పి, ఏ మడుగులో ఏ ఈగ వెయ్యాలో చెప్పి, దారానికి కట్టి ఇవ్వడం అతని పని.

మే నెలలో ఒక మధ్యాహ్నం భోజనం బుట్ట మోసుకుని ఒడ్డుకు వెళ్ళాను. “ఏది వేద్దాం ఫార్కర్?” అని దొర అడిగాడు. ఫార్కర్ నీళ్ళలో చెయ్యి ముంచి చలి చూశాడు. పెట్టె తెరిచి, కొండకేసి చూస్తూ లోపల వేళ్ళతో తడిమాడు. “ఇదండీ. ఈ నల్లది” అంటూ ఎర్రది అందించాడు. దొర హాస్యమనుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

“ఎవరదీ, డోలినానా? సూపు వాసనొస్తోంది” అన్నాడు ఫార్కర్. నేను అతని ఎదురుగానే నిలబడి ఉన్నాను.

ఫార్కర్‌కి చూపు పోయిందని లాడ్జి మేనేజరుకు తెలిస్తే పని పోతుంది, పనితో పాటు ఇచ్చిన ఇల్లూ పోతుంది. బుట్ట అక్కడే పెట్టి గ్రిజెల్ ఇంటికి పరుగెత్తాను.

“ఫార్కర్‌కి కళ్ళు…”

“తలుపు వేసి మాట్లాడు.”

“నీకు తెలుసా?”

“లేకపోతే కుక్క బొచ్చు మీద మోజా నాకు? మార్చిలో మంచు కరిగి నది పొంగుతుంది, పెద్ద ఈగ కావాలి. వేలికి గరుగ్గా కుక్క బొచ్చు తగిలితే అదే. మేలో నున్నగా ఫెజంట్ ఈక. జూలై ఎండలకు నీళ్ళు తగ్గితే అతి చిన్నది, మెత్తగా పిల్లి బొచ్చు. అన్నింటికీ కొక్కెం బెజ్జాలు పెద్దవి చేశా, దారం వేళ్ళతోనే ఎక్కించుకుంటాడు. నదంటావా, అందులో ప్రతి రాయీ అతని కాళ్ళకు తెలుసు.”

“నీకు తెలుసని అతనికి చెప్పావా?”

“ఎందుకే? కొత్త పద్ధతిలో కట్టానని పెట్టె చేతిలో పెట్టా. ఒక్కొక్కటీ తడిమాడు. ‘చూడ్డానికి బాగున్నాయి గ్రిజెల్’ అన్నాడు.”



“సెప్టెంబరుదే కుదరట్లేదు” అంది గ్రిజెల్. “బిరుసుగా ఉండాలి, గుచ్చుకోకూడదు. పంది వెంట్రుకలు కట్టి చూశా, అతని వేలు చీరుకుంది పాపం.” ఉన్నట్టుండి నా తలకేసి చూసింది. చర్చిలో వెనక బెంచీ నుంచి పాస్టరమ్మ టోపీని చూసిన చూపే అది.

“వద్దు” అన్నాను.

“పిన్నులు తియ్యవే. ఇంత మొరటు జుట్టు ఈ లోయలో గుర్రాలకు కూడా లేదు. కూర్చో, కదలకు. ఈగ మీద వెంట్రుకలు ఎవరివని అడిగితే పందివేనని చెప్పు.”