రూతు పేరుతో దివిసీమకి

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు క్రిస్మస్‌కి మేము ఇంట్లో లేము. నేనూ మా అత్తగారు మరియమ్మ గారూ గుడివాడ నుంచి బందరు మీదుగా దివిసీమకి వెళ్ళి, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న పల్లెలో పండగ చేసుకుని వచ్చాం. అటు వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి తెలుస్తుందని కొంతా, అక్కడివాళ్ళకి మేము రుణపడి ఉన్నామని కొంతా, ఇది రాస్తున్నాను.

మాకు ఒక్కతే కూతురు, రూతు. డెబ్బై ఏడు వానాకాలంలో మెదడువాపు జ్వరం వచ్చి పోయింది. అప్పటికి దానికి ఆరు నిండి ఏడు నడుస్తోంది.

అది ఉన్నప్పుడు మా ఇంట్లో క్రిస్మస్ డిసెంబరు మొదటి వారంలోనే మొదలయ్యేది. గోడలకి సున్నం వేయించేవాళ్ళం. మావారు వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అంటించి నక్షత్రం కట్టేవారు. అత్తయ్య ముందు అరిసెలు వండి, ఆ తర్వాత గులాబీ పువ్వులకి పిండి కలిపేది. ఇనప అచ్చుని పిండిలో ముంచి, కాగే నూనెలో పెట్టి కాస్త కదిపితే పువ్వు విడివడి తేలుతుంది. విరిగినవన్నీ రూతువే. పండగనాడు గుడి నుంచి రాగానే దానికొక పని ఉండేది. పళ్ళేల మీద గుడ్డ కప్పి ఇస్తే మా వీధిలో ఇంటింటికీ పట్టుకెళ్ళేది. అరిసెలు నాయనమ్మ వండిందనీ, పువ్వులు అమ్మ వేసిందనీ ప్రతి గడపలోనూ చెప్పి మరీ వచ్చేది.

అది పోయిన కొన్ని నెలలకే ఉప్పెన వచ్చింది. ఎవరింటికి వెళ్ళినా దివిసీమ మాటే. వేల ప్రాణాలు పోయినచోట మా ఒక్క పిల్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఎవరినీ తప్పు పట్టలేను. కానీ దాని పేరు నా గొంతులోనే ఉండిపోయింది. ఆ ఏడు పిండివంటల పొయ్యి వెలిగించలేదు. నక్షత్రం కట్టలేదు.

మా అత్తయ్య తమ్ముడు దానియేలు మావయ్య నాగాయలంక అవతల ఒక పల్లెలో ఉపదేశి. అంటే పాస్టరు గారు ఎప్పుడో గాని రాని ఊళ్ళో ప్రార్థనలు నడిపే మనిషి. ఉప్పెన రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికారు. దసరా సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు తమ ఊరి సంగతులు చెప్పారు. కిందటి క్రిస్మస్‌కి బియ్యం, దుప్పట్లు చాలామంది తెచ్చి ఇచ్చారట. అయితే చాలా ఇళ్ళలో తల్లులు పోయారు, పిండివంట చేసే చెయ్యి లేదు అన్నారు.

ఆయన వెళ్ళాక అత్తయ్య నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఈ ఏడు పొయ్యి అక్కడ వెలిగిద్దామమ్మా. మన రూతు పేరు చెప్పి పెడదాం" అంది. మీరు వెళ్ళి రండి, నేను రాలేను అన్నాను. ఆవిడ తన రెండు చేతులూ చూపించింది. అవి వణుకుతున్నాయి. "పిండి కలపగలను గాని, అచ్చు పట్టలేను. నువ్వు రావాలి" అంది. కాదనలేకపోయాను.

డిసెంబరు ఇరవై మూడున పొద్దున్న బందరు పాసింజరు ఎక్కాం. మావారిది గుడివాడ స్టేషన్లోనే ఉద్యోగం. పండగ రోజుల్లో సెలవు దొరకలేదు. నూనె డబ్బా, మైదా, బెల్లం, చక్కెర, మూకుడు, అచ్చూ అన్నీ ఆయనే పెట్టెలోకి ఎక్కించి, బండి కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారు. మా ఇద్దరి మధ్యా ఆ ఏడాదంతా మాటలు తక్కువే.

గుడ్లవల్లేరు, కవుతరం దాటుతుంటే రెండు పక్కలా కోతలైపోయిన చేలు, వాటిలో అప్పుడే మొలకెత్తిన మినుము. కుప్పల మీద మంచు ఇంకా ఆరలేదు. నందివాడ నుంచి వస్తున్న రైతు ఒకాయన మా సామాను చూసి, పెళ్ళికా అని అడిగారు. దివిసీమలో పిల్లలకి పిండివంటలు చెయ్యడానికని అత్తయ్య చెప్పింది. ఆయన బందరులో దిగాక నూనె డబ్బా తానే భుజాన పెట్టుకుని రిక్షా దాకా తెచ్చి ఇచ్చారు.

నేను పుట్టింది బందరులోనే. మా నాన్నగారింటి పక్కన ఖాదరు గారని టైలరు ఉండేవారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ బాబాయి అనే పిలుస్తాను. రూతు పండగ గౌన్లన్నీ ఆయనే కుట్టారు. ఈసారి పల్లెలో ఆడపిల్లలకని గౌన్లు కుట్టమని ముందే గుడ్డ పంపించాం. రిక్షా అక్కడ ఆపించి దిగాను. మేము పంపిన గుడ్డతో కుట్టినవే కాక, ఇంకో మూట కూడా ఉంది. అందులో మగపిల్లలకి చొక్కాలు, లాగూలు.

ఇవేమిటి బాబాయ్ అని అడిగాను.

"ఉప్పెన గాలికి మా ఇంటి పెంకులన్నీ లేచిపోయినాయమ్మాయ్. మిషను మాత్రం మిగిలింది. మిగిలినదానితో ఏదో ఒకటి చెయ్యాలిగా" అన్నారు. లోపలి నుంచి వాళ్ళావిడ సేమియా పాయసం తెచ్చి, తాగేదాకా కదలనివ్వలేదు. రూతు ఫొటో ఏదైనా తెచ్చావా అని మెల్లగా అడిగింది. తేలేదన్నాను. పోన్లే, మా కళ్ళలో ఉంది అంది.

పదకొండు దాటాక అవనిగడ్డ బస్సు దొరికింది. సీట్లు లేవు. అత్తయ్యని చూసి ఎవరో లేచి చోటిచ్చారు. నేను చల్లపల్లి దాకా నిలబడ్డాను. మోపిదేవి దాటాక పులిగడ్డ దగ్గర, నది మీదుగా కాలువని దాటించే వంతెన, అక్విడక్టు మీదికి బస్సు ఎక్కింది. కింద కృష్ణ, వెడల్పుగా, నెమ్మదిగా. అక్కడి నుంచి దివిసీమ. పచ్చని చేలే గాని, కొబ్బరిచెట్లు కొన్నింటికి తలలు లేవు. అవనిగడ్డ బస్టాండు పక్కన హోటల్లో భోజనం చేశాం. అన్నం, పప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ. అత్తయ్య రైలెక్కినప్పటి నుంచీ మొదటిసారి తృప్తిగా తిన్నది అక్కడే. వెళ్ళేవాళ్ళు అక్కడే భోజనం చేసుకోవడం మంచిది, ఆ తర్వాత టీ తప్ప ఏమీ దొరకదు.

నాగాయలంకలో దిగేసరికి మూడు గంటలు. మావయ్య ఎడ్లబండి కట్టించుకుని వచ్చారు. దారి పొడుగునా ఉప్పుగాలి. పొద్దు వాలుతుండగా పల్లె చేరాం. తాటాకు కప్పిన పాక ఒకటి బడీ గుడీ కూడా. చుట్టూ కొత్తగా కట్టిన సిమెంటు ఇళ్ళు. బావినీళ్ళు ఇంకా ఉప్పగానే ఉన్నాయనీ, తాగడానికి దూరం నుంచి తెచ్చుకుంటున్నారనీ మావయ్య చెప్పారు. ఆ రాత్రి మేము పడుకున్నదీ పాకలోనే. పక్కింటివాళ్ళు చాపలూ, దుప్పట్లూ ఇచ్చారు.

మర్నాడు ఆదివారం. పాక ముందు రాళ్ళతో పొయ్యి పెట్టాం. పల్లెలో ఆడవాళ్ళు గుడ్లు, కొబ్బరి, దంచిన బియ్యప్పిండి తెచ్చారు. ముందు అరిసెలు వండాం. తర్వాత అత్తయ్య పువ్వులకి పిండి కలిపింది. నేను అచ్చు పట్టుకున్నాను. అచ్చు సరిగా కాగకముందే ముంచడంతో మొదటివన్నీ అంటుకుపోయాయి. గీకి తీస్తుంటే పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఏడాది పైన అయ్యిందేమో నేను అలా నవ్వి. తర్వాత పువ్వులు ఒక్కొక్కటే విడివడి తేలడం మొదలైంది. పిల్లలు గుమిగూడారు. విరిగినవి ఎవరికో ఒకరికి ఇస్తుంటే చెయ్యి ఒక క్షణం ఆగిపోయింది. అత్తయ్య చూసి అచ్చు నా చేతిలోంచి తీసుకుని, కాసేపటికి మళ్ళీ ఇచ్చింది.

ఎదురింటి మెట్టు మీద ఒకావిడ పొద్దుటి నుంచీ కూర్చునే ఉంది. మిగతావాళ్ళలాగా పొయ్యి దగ్గరికి రాలేదు. పేరు నాగమ్మ అనీ, చేపలు పట్టేవాళ్ళనీ, ఉప్పెనలో ఇద్దరు ఆడపిల్లలు పోయారనీ మావయ్య చెప్పారు. మధ్యాహ్నం పని సద్దుమణిగాక ఒక పళ్ళెంలో పువ్వులు పెట్టుకుని వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. పళ్ళెం తీసుకుంది గాని, తినలేదు.

"నీ పిల్ల పేరు మీద పెడుతున్నారంట గదా" అంది.

అవునన్నాను.

"ఎక్కడ పెట్టారు పిల్లని?"

గుడివాడలో, సమాధుల తోటలో అని చెప్పాను. ఆదివారం ఆదివారం వెళ్తాననీ, మొక్కలకి నీళ్ళు పోసి వస్తాననీ చెప్పాను.

నాగమ్మ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. "నీకెళ్ళడానికి ఒక చోటుంది తల్లీ. నా పిల్లలిద్దరూ ఎక్కడున్నారో నాకు తెలీదు" అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అంతకాలం సమాధుల తోట దారి నాకు శిక్షలాగే ఉండేది. ఒక తల్లి దానికోసం ఆశపడుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆవిడే మళ్ళీ అడిగింది.

"మేం మీ మతం కాదు. అయినా రాత్రి మీ ప్రార్థనలో నీ పిల్ల పేరు చెప్పేటప్పుడు నా పిల్లల పేర్లు కూడా చెప్తారా? పెద్దది నాంచారమ్మ. చిన్నదానికింకా పేరు పెట్టలేదు. బుజ్జీ అనేవాళ్ళం."

మావయ్యని అడిగాను. ఆయన వెంటనే సరేనన్నారు. ఆ పేర్లు చెప్పాల్సింది మనం కాదు, వాళ్ళమ్మే అన్నారు.

దీపాలు పెట్టే వేళకి పాక నిండింది. క్రీస్తు పుట్టుక పాఠం చదివి, ఒక పాట పాడాక, మావయ్య నాగమ్మని లేవమన్నారు. ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడి, "నాంచారమ్మ. బుజ్జి" అని, కూర్చుంది. తర్వాత వెనకనుంచి ఒక ముసలాయన మనవడి పేరు చెప్పాడు. ఒక కుర్రకోడలు అత్తగారి పేరు చెప్పింది. అలా ఒకరి తర్వాత ఒకరు. ఎవరిది ఏ మతమని ఎవరూ చూడలేదు. ఒకే ఇంట్లోవి ఎన్నో పేర్లు చెప్పినవాళ్ళున్నారు. ఏడ్చినవాళ్ళున్నారు, ఏడవకుండా గట్టిగా చెప్పినవాళ్ళూ ఉన్నారు. పోయినవాళ్ళ పేర్లు అందరూ కలిసి తలుచుకోవడం ఉప్పెన తర్వాత అదే మొదటిసారని మావయ్య తర్వాత చెప్పారు.

అందరూ అయ్యాక నేను లేచాను. "రూతు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అన్ని పేర్ల మధ్య నా పిల్ల పేరు చిన్నదైపోతుందని ఇన్నాళ్ళూ భయపడ్డాను. కాలేదు. వాళ్ళందరి పక్కనా దానికీ చోటు దొరికింది.

ప్రార్థన కాగానే నాగమ్మ లేచి వచ్చి, పిల్లలకి తనే పెడతానంది. నేను అరిసెలూ పువ్వులూ పళ్ళేలకి ఎత్తి ఇస్తుంటే పిల్లల పేర్లు పెట్టి పిలిచి మరీ పంచింది. అమ్మ లేని చిన్నపిల్ల ఒకతి కొత్త గౌను ఎటునుంచి తొడుక్కోవాలో తెలియక నిలబడితే, దగ్గరికి తీసుకుని తొడిగి వెనక ముడి వేసింది. అప్పుడు పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాతే తన పళ్ళెంలో పువ్వు ఒకటి తీసుకుని తిన్నది.

క్రిస్మస్ పొద్దున్న పాకలో ఆరాధన చేసుకుని, చద్దన్నం తిని బయల్దేరాం. బండి దాకా ఊరంతా వచ్చింది. మళ్ళీ ఏడు తప్పకుండా రమ్మన్నారు. నాగమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "మా పల్లెకి రానప్పుడు కూడా, ఆ తోటకెళ్ళినప్పుడు నా పిల్లల్ని తలుచుకో" అంది. ప్రతి ఆదివారం తలుచుకుంటానని మాటిచ్చాను.

నాగాయలంక నుంచి అవనిగడ్డకి, అక్కడి నుంచి బందరుకి బస్సులు వెంటనే దొరికాయి. పండగ కావడంతో జనం తక్కువ. అత్తయ్య దారంతా నిద్రపోయింది. నిద్రలో ఆవిడ చేతులు నిశ్చలంగా ఉన్నాయి. బందరులో సాయంత్రం బండి ఎక్కాం. దివిసీమ వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఒకటే. బియ్యమూ బట్టలూ పట్టుకెళ్ళండి, అక్కరకొస్తాయి. కానీ కాస్త తీరిక చేసుకుని వెళ్ళండి. అక్కడి తల్లుల పక్కన కూర్చుంటే, పట్టుకెళ్ళినదానికంటే ఎక్కువ తీసుకుని వస్తారు. మేము అలాగే వచ్చాం.

పెడనలో ఒక పెద్దావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ఊరు పెదపారుపూడి, పెడనలో కూతుర్ని చూసి వస్తోందట. తన మనవల సంగతులన్నీ చెప్పి, ఆఖరికి, "నీకు పిల్లలెంతమందమ్మా?" అని అడిగింది.

పక్కన అత్తయ్య కళ్ళు తెరిచి నా వంక చూసింది.

"ఒక్కతే అండీ. రూతు. పోయింది" అన్నాను. ఆవిడ నొచ్చుకుని, అయ్యో అని మాట మార్చబోయింది. ఫర్వాలేదండీ, చెప్తాను వినండి అన్నాను. అది ఎలా ఉండేదో, ఎలా మాట్లాడేదో, పళ్ళేలు పట్టుకుని వీధంతా ఎలా తిరిగేదో మొదలుపెట్టాను. అత్తయ్య నేను మరిచిపోయినవి అందిస్తోంది. పెద్దావిడ మధ్యమధ్య నవ్వుతోంది. గుడివాడ ప్లాట్‌ఫారం మీద మావారు కనిపించేదాకా మా అమ్మాయి కబుర్లు చెబుతూనే ఉన్నాను. ఆయన సామాను అందుకుంటూ, ఎవరి గురించి అంతగా మాట్లాడుకుంటున్నారు అని అడిగారు.

"మన రూతు గురించి" అన్నాను. ఇంటికి నడిచి వెళ్తూ మిగతాది ఆయనకి చెప్పాను.