జీడిపప్పుకు కెమెరా

అరవైల చివర్లో నేనూ, మా తోటికోడలూ పలాసలో ఒక జీడి బట్టీలో పనిచేసేవాళ్లం. ఆవిడ నాకంటే పెద్ద, అప్పా అని పిలిచేదాన్ని. గింజలు కొట్టే పని ఆవిడది, పప్పు పొట్టు తీసే పని నాది. కొట్టేటప్పుడు చిమ్మే జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా అప్ప వేళ్లు నల్లగా మాడి, పగిలిపోయి ఉండేవి.

దూరపు వర్తకులకు పప్పు ఫోటోలు పంపాలని మా షావుకారుకి బుద్ధి పుట్టింది. ఏ కెమెరా కొనాలో తేల్చుకోడానికి టెక్కలి నుంచి ఫోటోలు తీసేవాణ్ని పిలిపించాడు. అతను రెండు కెమెరాలు తెచ్చాడు. ఒకటి చేతిలో ఇమిడేది, ఇంకొకటి మూడుకాళ్ల మీద నిలబెట్టే పెద్ద పెట్టె.

"సిన్నది మరీ దగ్గరకెడితే మసకేసేత్తాది బాబూ. పెద్దదైతే పప్పు మీద సూదంత మచ్చయినా పట్టేత్తాది," అన్నాడతను.

షావుకారు నమ్మలేదు. చుట్టూ చూసి అప్పను రమ్మన్నాడు.

"దీని సేతులు రెండిట్లోనూ తియ్యి. ఈ మచ్చలు ఎందులో తేటగా పడితే అదే కొంతాను."

ఎండలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, చేతులు పెట్టించారు. అప్ప అంతవరకూ ఫోటో తీయించుకుని ఎరగదు. జుట్టు సవరించుకుని, "మొకం కూడా తీత్తారా బాబూ?" అని అడిగింది.

"మొకమెవుడికి కావాలే?" అన్నాడు షావుకారు. అందరూ నవ్వారు. పగుళ్ల మీద ఈగలు ముసిరాయి. అప్ప వేలు కదిపినప్పుడల్లా షావుకారు తిట్టాడు.

ఫోటోలు కడిగి తెచ్చాక పెద్ద కెమెరాయే గెలిచింది. అందులో ఒక్కో పగులూ, ఊడిన గోరూ స్పష్టంగా కనబడ్డాయి. షావుకారు మురిసిపోయాడు. మళ్లీ ఆ ఫోటో వంకే చూసి మొహం చిట్లించాడు.

"ఇలాటి సేతుల్తోటా నా పప్పు ముట్టుకుంతన్నావు? సూసినోడు తింతాడేటి? రేపట్నుంచి రాకు."

"ఈ బట్టీలోనే కదా బాబూ ఇలాగయ్యాయి!"

"అందుకే ఈ బట్టీలో వద్దంతన్నాను."

నేనూ మానేస్తానని లేచాను. అప్ప నా రెక్క పట్టి కూర్చోబెట్టింది. "నువ్వు కూడా మానెత్తే పిల్లలేటి తింతారే?" అంది.

నౌపడ ఉప్పుమళ్లలో ఆవిడకు పని దొరికింది. అక్కడ చేతులెవరూ చూడలేదు. సాయంత్రాలు ఇంటికొచ్చి, పగుళ్లలో దిగిన ఉప్పు మంటకు చేతులు గంజిలో ముంచుకుని కూర్చునేది. అన్నం నేనే కలిపి పెట్టేదాన్ని.