బొగ్గు గుంటకు ప్రారంభోత్సవం

ఒక్క మధ్యాహ్నంలో ఊరందరి చేతా కన్నీళ్ళు పెట్టించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. పెద్ద పెద్ద నాయకులు పోయినప్పుడు కూడా మా ఊరు అంత మనస్ఫూర్తిగా ఏడవలేదు. కులం, మతం, అధికార పక్షం, ప్రతిపక్షం అన్న తేడా లేకుండా అందరూ ఏడ్చారు. విజయవాడ నుంచి వచ్చిన ఆఫీసర్లయితే కారెక్కి మరీ ఏడ్చారు. అదంతా నా చలవే. ఎలా జరిగిందో చెప్తాను, నవ్వుకోండి. నాకేం అభ్యంతరం లేదు, అలవాటైపోయింది.

ఊరి పేరు మాత్రం అడక్కండి. నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య హైవే మీద బస్సు దిగి, ఆటో ఎక్కితే వస్తుంది. మిర్చీ, పత్తీ పండే ఊరు. నేను ఎమ్మెస్సీలో పర్యావరణ శాస్త్రం చదివి, నందిగామలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ హాయిగా ఉండేదాన్ని. ఆ హాయి పడక, ఈ పంచాయతీలో ‘హరిత సమన్వయకర్త’ ఉద్యోగానికి వచ్చాను. పేరు పెద్దది, కుర్చీ చిన్నది, ఆ కుర్చీ కూడా కాంట్రాక్టుది. పైనుంచి తనిఖీ బృందం వచ్చి పని బాగుందని రాస్తే కాంట్రాక్టు పొడిగిస్తారు, లేకపోతే ఇంటికి పంపిస్తారు. కీసరలో మా నాన్న అప్పటికే చర్చిలో కనబడ్డ వాళ్ళందరికీ ‘మా రాణి గవర్నమెంటులో ఆఫీసరు’ అని చెప్పేశాడు. కాబట్టి ఇంటికి వెళ్ళే ముఖం కూడా లేదు.

మా సర్పంచి సీతామహాలక్ష్మి గారు. అయితే ఊళ్ళో ‘ప్రెసిడెంటు గారు’ అంటే ఆవిడ కాదు, ఆవిడ భర్త నరసింహారావు గారు. ఎన్నికల్లో గెలిచింది ఆవిడ, ప్రమాణం చేసింది ఆవిడ, సంతకాలు పెట్టేది ఆవిడ. మిగిలిన చిన్నాచితకా పనులు, అంటే నిర్ణయాలు తీసుకోవడం, మాట్లాడటం, శాలువాలు కప్పించుకోవడం లాంటివి పాపం ఆయనే చూసుకునేవారు.

ఒకరోజు ఆయన విజయవాడలో ఏదో మీటింగుకి వెళ్ళి, చల్లటి హాల్లో కూర్చుని, ఒక కొత్త మాట నేర్చుకుని వచ్చారు.

“అమ్మాయ్, మనూరు కార్బన్ న్యూట్రల్ అయిపోవాలి.”

“మంచిదేనండి. ఎప్పటికల్లా?”

“వచ్చే నెల్లో టీమ్ వస్తుంది. దానికి ముందురోజుకల్లా అయిపోతే చాలు.”

“అసలు అదంటే ఏంటో తెలుసాండి?”

“ఏముందమ్మా, ఊరు ఎంత పొగ వదిలితే అంత పొగా ఊరే మింగాలి. అంతేగా?”

రెండేళ్ళు నేను కష్టపడి చదివిన చదువుని ఆయన ఒక్క ముక్కలో చెప్పేసి టీ తెప్పించుకున్నారు.

ఇక ఊరు న్యూట్రల్ అవడం మొదలుపెట్టింది. ముందుగా ప్రజల్లో అవగాహన కోసం బైకు ర్యాలీ పెట్టారు. కుర్రాళ్ళు సైలెన్సర్లు పీకేసిన బళ్ళ మీద ఊరి చుట్టూ తిరిగి తిరిగి ‘కాలుష్యాన్ని తరిమి కొడదాం’ అని అరిచారు. కాలుష్యం ఆ పొగలో దాక్కుని ఎటూ పోలేకపోయింది. తర్వాత ప్లాస్టిక్ వాడొద్దంటూ ప్రతి స్తంభానికీ ఫ్లెక్సీలు కట్టారు. “ఫ్లెక్సీ కూడా ప్లాస్టికే కదండీ” అన్నాను. “ఇది అవగాహన ప్లాస్టిక్ అమ్మా, వేరు” అన్నారు ప్రెసిడెంటు గారు. ఆపైన సోలార్ దీపాలు వచ్చాయి. బజారు మలుపులో దీపం మీద వేపచెట్టు నీడ పడుతోందని చెట్టు కొట్టేశారు. కొట్టిన చెట్టుకు బదులుగా మొక్కలు నాటారు. నిరుడు నాటినవి ఎండిపోయి గుంతలు ఖాళీగానే ఉన్నాయి కాబట్టి మళ్ళీ తవ్వే శ్రమ తప్పింది. చెత్త ఎత్తడానికి కరెంటు ఆటో కొన్నారు. కరెంటు పోయినప్పుడు దానికి డీజిల్ జనరేటర్ పెట్టి చార్జింగ్ చేసేవాళ్ళు.

ఇదంతా చూసి నేను లోలోపల తెగ నవ్వుకునేదాన్ని. ‘వీళ్ళకేం తెలుసు, సైన్సంటే ఏమిటో నేను చూపిస్తాను’ అనుకునేదాన్ని. చూపించాను కూడా.

నా పథకం పేరు బొగ్గు గుంట. పంట అయిపోయాక మిగిలిన కట్టెని మా వైపు చేలోనే తగలబెట్టేస్తారు. అదే కట్టెని గుంటలో వేసి అంటించి, గాలి తగలకుండా మూసి నిదానంగా మగ్గనిస్తే బూడిద కాకుండా బొగ్గవుతుంది. దాన్ని పొడి చేసి చేలో కలిపితే కర్బనం గాల్లోకి పోకుండా మట్టిలోనే పడి ఉంటుంది. ఇందులో నా సొంత తెలివి ఏమీ లేదు, పుస్తకాల్లో ఉన్నదే. సొంత తెలివి తర్వాత చూపించాను.

పంచాయతీ ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో గుంట తవ్వించాను. తీరా చూస్తే పత్తికట్టె లేదు. సగం అప్పటికే చేలల్లో తగలబెట్టేశారు, మిగిలింది పొయ్యిల్లోకి చేర్చేసుకున్నారు. ప్రెసిడెంటు గారు వెంటనే ఆదుకున్నారు.

“మిరపకట్టె వేద్దామమ్మా. మా చేలో బోలెడుంది. మొన్నటి వానకి కల్లంలో తడిసి బూజు పట్టిన కాయ కూడా బస్తాల కొద్దీ ఉంది. కొనేవాడు లేడు, పారబోద్దామంటే చోటు లేదు. అది కూడా పడేద్దాం.”

“కాయ కూడానా అండీ?”

“ఏం, కాయలో కార్బన్ ఉండదా?”

ఉంటుంది. శాస్త్రం ప్రకారం బ్రహ్మాండంగా ఉంటుంది. అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. “కర్బనం ఎందులో ఉన్నా కర్బనమేనండి” అన్నాను గంభీరంగా.

సీతామహాలక్ష్మి గారికి మాత్రం అనుమానం వచ్చింది. సర్పంచి అయ్యాక ఆవిడ పంచాయతీ ఆఫీసులో నోరు విప్పి ప్రశ్న అడగడం నేను చూసింది అదే మొదటిసారి.

“ఏమ్మా, పోపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితేనే ఇంటిల్లిపాదీ దగ్గుతామే. ఇన్ని కాయలు కాలిస్తే ఘాటు రాదా?”

“రాదండి. పైన రేకులు కప్పి మట్టి మెత్తేస్తాం. ఓ మూల గొట్టం పెట్టి దాని మూతి చేల వైపు తిప్పేస్తాం. చల్లారేదాకా మూత తియ్యం.”

“తియ్యరుగా?”

“ప్రాణం పోయినా తియ్యమండి.”

టీమ్ వచ్చే రోజు పొద్దున్నే గుంట నిండా మిరపకట్టె, దాని మీద బస్తాలు బస్తాలుగా కాయ వేసి, అంటించి మూసేశాం. గొట్టంలోంచి సన్నటి పొగ చేల మీదికి పోయింది. అటు మేస్తున్న గేదెలు ఎందుకో తలలు విదిలించుకుంటూ ఇటు వచ్చేశాయి. నేను పట్టించుకోలేదు. గేదెలకు సైన్సు తెలియదు కదా అనుకున్నాను.

మధ్యాహ్నానికి తనిఖీ బృందం వచ్చింది. కార్బన్ తగ్గించడం ఎలాగో చూడటానికి మనిషికొక కారు చొప్పున వచ్చారు. దిగాక కూడా లోపల చల్లదనం పోకుండా ఇంజన్లు ఆన్‌లోనే ఉంచారు. షామియానా, మైకు, కూల్‌డ్రింకులు, ఊరంతా హాజరు. పెద్దాఫీసరు గారు దీపాలు చూశారు, మొక్కలు చూశారు, కరెంటు ఆటో చూశారు, ఆవలించారు.

“కార్బన్‌ని నిల్వ చేసే పనేమన్నా చేసారా?” అని అడిగారు.

నా గుండె ఉప్పొంగింది. బృందాన్ని షామియానా పక్కనే ఉన్న గుంట దగ్గరికి తీసుకెళ్ళాను.

“ఏముందమ్మా ఇక్కడ? మట్టి దిబ్బేగా?”

“లోపల బొగ్గు తయారవుతోందండి.”

“కనిపించట్లేదే?”

“కనిపిస్తే పాడైపోతుందండి.”

ఫొటోలు తీసే అబ్బాయి చెవిలో చెప్పినట్టు అన్నాడు గానీ అందరికీ వినిపించింది. “సార్, మట్టి దిబ్బ పక్కన దండేసుకుని నిలబడితే ఫొటో ఇంకోలా వస్తుందండి.”

పెద్దాఫీసరు గారు చటుక్కున రెండడుగులు వెనక్కి వేశారు. ప్రెసిడెంటు గారు నన్ను పక్కకి పిలిచారు.

“మూత తీయించమ్మా. రిబ్బన్ కట్టించా, కొబ్బరికాయ తెప్పించా. ప్రారంభోత్సవం చెయ్యాలిగా?”

“అది పొద్దున్నే ప్రారంభమైపోయిందండి.”

“ఆఫీసరు గారు రిబ్బన్ కట్ చెయ్యకుండా ప్రారంభం ఎలా అయిపోద్దమ్మా?”

మా వైపు అంతే. బోరులో నీళ్ళు నెలల తరబడి పడుతున్నా సరే, ఎవరో ఒకరొచ్చి కత్తెర పట్టేదాకా ఆ బోరు లేనట్టే లెక్క. నేను ఇంకా ఏదో చెప్పబోతుంటే పెద్దాఫీసరు గారు వాచీ చూసుకున్నారు. “చూపించలేని పనిని నేనేమని రాయాలమ్మా?” అన్నారు.

ఆ ఒక్క మాటతో నా కాంట్రాక్టు, కీసర చర్చి మెట్ల మీద మా నాన్న, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

“ఒక్క క్షణం తీసి మూసేద్దామండి” అన్నాను.

“ప్రాణం పోయినా తియ్యనన్నావుగా?” అన్నారు సీతామహాలక్ష్మి గారు మెల్లగా.

ప్రాణం వేరు, కాంట్రాక్టు వేరు. ఆవిడకి ఆ మాట చెప్పకుండా, గడ్డపారలు తెమ్మని మనుషుల్ని కేకేశాను.

రిబ్బన్ తెగింది. కొబ్బరికాయ పగిలింది. చప్పట్లు మోగాయి. ఇద్దరు మనుషులు గడ్డపారలతో రేకు లేపారు. ఒక క్షణం ఏమీ కాలేదు. “సార్, ఇటు చూడండి, కొంచెం నవ్వండి” అన్నాడు ఫొటో అబ్బాయి. పెద్దాఫీసరు గారు కత్తెర పట్టుకుని నవ్వారు. ఆ రోజు ఆయన నవ్వడం అదే ఆఖరు.

పసుపు పచ్చటి పొగ బద్ధకంగా లేచి, గాలి ఎటుందో చూసుకుని, నేరుగా షామియానాలోకి నడిచింది. ముందు వరస దగ్గింది, తర్వాత వెనక వరస, తర్వాత మైకు. మైకులో దగ్గింది ప్రెసిడెంటు గారు. ఆ దగ్గు పక్క ఊరి దాకా వినిపించిందట.

“మూత! మూత వెయ్యండి!” అని అరిచాను. మూత తీసిన ఇద్దరూ అప్పటికే హైవే దారి పట్టారు. గాలి తగిలేసరికి గుంట భగ్గుమంది. లోపల మిగిలిన కాయంతా ఒక్కసారిగా అంటుకుంది. ఊరి జనం కొంగులు, తువ్వాళ్ళు ముఖాలకు చుట్టుకుని బైకులు, ట్రాక్టర్లు ఏది దొరికితే అది ఎక్కేశారు. నేను కళ్ళు తెరవలేక, ఎవరిదో చెయ్యి పట్టుకుని “సారీ సార్, సారీ సార్” అంటూ చాలా దూరం నడిచాను. తీరా చూస్తే అది షామియానా గుంజ.

మా వైపు దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే తగలనట్టు. వీధి చివర నాగమ్మ మామ్మ ఒక్కతే ఆ పొగలో నిలబడి, దగ్గుకీ దగ్గుకీ మధ్య సంతోషంగా కేకలేసింది.

“దగ్గండ్రా, బాగా దగ్గండి! మనూరికి ఎవడి దిష్టీ తగల్లేదు!”

ఆఫీసర్లు కార్లలోకి దూరి అద్దాలు బిగించుకున్నారు. ఇంజన్లు ముందే ఆన్‌లో ఉన్నాయి కాబట్టి ఏసీలు బయటి ఘాటునంతా శ్రద్ధగా లోపలికి లాగాయి. కార్లు వంకర్లు తిరుగుతూ నందిగామ వైపు పోయాయి. ప్రెసిడెంటు గారు శాలువాతో ముఖం చుట్టుకుని నా దగ్గరికి వచ్చి, పోతున్న గొంతుతో అడిగారు.

“అమ్మాయ్, ఊరు వదిలిన పొగంతా ఊరే మింగింది. ఇప్పుడు అయిపోయినట్టేగా?”

ఆ సాయంత్రం ఊళ్ళో ఒక్క పొయ్యి వెలగలేదు, ఒక్క మోటారు ఆడలేదు, ఒక్క బండి తిరగలేదు. తిరగడానికి మనుషులుంటేగా! అందరూ చుట్టాల ఇళ్ళకి పోయారు. సర్పంచి దంపతులు మాత్రం పంచాయతీ ఆఫీసులోనే ఉండిపోయారు. నేను అక్కడే ఓ మూల నా సామాను సర్దుకుంటూ కూర్చున్నాను. కళ్ళు మంటపుడుతున్నాయి. పొగ వల్లో, ఏడుపు వల్లో నాకే తెలియలేదు. మా నాన్నకి ఏం చెప్పాలో అంతకన్నా తెలియలేదు.

అప్పుడు పెద్దాఫీసరు గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ప్రెసిడెంటు గారికి గొంతు పూర్తిగా పోయింది కాబట్టి, సీతామహాలక్ష్మి గారే తీసి స్పీకర్ పెట్టారు. ఆ గొంతు తిరిగి వచ్చేదాకా ఊరిని ఆవిడే నడిపారు, ఊరు బాగానే నడిచింది.

“మేడం,” అంది అవతల బొంగురు గొంతు, “మీ పంచాయతీ పని చాలా తృప్తిగా ఉందండి. అలాగే రాసేసా.”

నేను నమ్మలేకపోయాను. సీతామహాలక్ష్మి గారు కూడా నమ్మలేదు.

“మీరు సగమే చూసారు కదండీ?”

“చూసింది చాలండి.”

“అహ, మీకేమన్నా అనుమానం ఉంటే మళ్ళీ రండి సార్. పని బాగోలేదని రాస్తే రూలు ప్రకారం రెండోసారి తనిఖీకి మీరే రావాలంట కదా?”

అవతల చాలాసేపు దగ్గు వినిపించింది.

“అందుకేనమ్మా, తృప్తిగా ఉందంటున్నా!”

అలా మా ఊరు కార్బన్ న్యూట్రల్ అయింది. నా కాంట్రాక్టు పొడిగించారు. ప్రశంసాపత్రం ఇవ్వడానికి ఎవరూ రాలేదు, కొరియర్‌లో పంపారు. మా నాన్న దాన్ని ఫ్రేము కట్టించాడు.

వారం తిరక్కుండానే పక్క ఊరి ప్రెసిడెంటు గారు మా ఆఫీసుకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కుర్చీ నా వైపు లాక్కున్నారు.

“అమ్మా, మా ఊరికి టీమ్ వస్తుందంట. మేం మొక్కలు నాటలేదు, దీపాలు పెట్టలేదు, ర్యాలీ కూడా చెయ్యలేదు. నువ్వు ఆ కాయ ఎన్ని బస్తాలు వేసావో చెప్పు చాలు.”

ఆ క్షణాన మా ఊరి మిర్చి కల్లాల సాక్షిగా గట్టి ఒట్టు పెట్టుకున్నాను. బతికుండగా మళ్ళీ ఏ బొగ్గు గుంట మీదా మూత తీయించను, ఏ ఆఫీసరు గారి చేతికీ కత్తెర ఇవ్వను. అంత గట్టిగా ఒట్టు పెట్టుకుని, ఎన్ని బస్తాలో ఆయనకి చెప్పి పంపించాను.