రెండణాల మీద పంటి గాటు

నా చిన్నప్పుడు నాకు నోరెంత పెద్దదో గుండె అంత చిన్నది. ఐదో తరగతితోనే బడి నన్ను వదిలించుకుందంటే అది ఆ నోటి పుణ్యమే. భయాన్ని మాత్రం ఎవరికీ కనబడకుండా దాచుకుని తిరిగేవాణ్ణి. అది బయటపడిన రోజు ఒకటుంది.

సిద్దిపేటలో శవయాత్రలన్నీ మా ఇంటి ముందు నుంచే సాగేవి. డప్పుల వెనక పేలాలు, చిల్లర చల్లుకుంటూ పోయేవారు. ఆ చిల్లర ముట్టవద్దని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. మా వాడకట్టు ముసలాయన ఒకరు పోయిన రోజు, ఒక బిళ్ల దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గరే ఆగింది. నిజాం కాలపు రెండణాలు, మీద చార్మినార్. ఎప్పుడో చెల్లకుండా పోయినదాన్ని విసిరేశారు. "పైన దుకాణాలున్నయా ఏంది, ముసలాయనకు చిల్లరెందుకు" అని నవ్వి జేబులో వేసుకున్నాను.

పక్కింటి అక్క చూడనే చూసింది. జేబులోంచి బిళ్ల తీయించి, అంచున ఉన్న గాటును గోటితో తడిమి, గొంతు తగ్గించింది.

"గిది పంటి గాటురా. పోయినోళ్ల నోట్ల పైస పెడ్తరు, ఎరికేనా? ముసలోడు కరిచి పట్టుకున్నడు. మల్లొచ్చి అడుగుతడు, సూడు."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. జేబులో ఆ బిళ్ల తొడకు చల్లగా తగులుతోంది. పారేద్దామంటే, వచ్చి అడిగితే ఏం చూపించాలి? ఉంచుకుంటే నేరుగా నా దగ్గరికే వస్తాడు. తలుపు కిర్రుమన్నా ఆ ముసలాయన దగ్గులాగే వినిపించింది. చివరికి, గాటు పోతే గుర్తు పట్టడని ఒక ఉపాయం తోచింది. నీళ్ల గోలెం పక్కన కూర్చుని, బూడిదతో ఆ బిళ్లను తోమబోయాను.

వెనక నుంచి ఒక ముడతల చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నేను పెట్టిన కేకకు గోడ మీది కాకులు లేచిపోయాయి.

"నేనేరా! బూడిద పెట్టి తోమితె దాని మొఖమే పోతది" అన్నాడు మా తాత.

తాతకు పాత నాణేల పిచ్చి. ఒక సిగరెట్ డబ్బా నిండా దాచుకున్నాడు. ఎవరికి పాత బిళ్ల దొరికినా, దీని హాలత్ ఏందో, ఎంత అరిగిందో చెప్పమని ఆయన ముందు పెట్టేవారు. నేను ఏడుస్తూ సంగతంతా చెప్పాను. ఆయన తిట్టలేదు, దయ్యాలు లేవని కూడా అనలేదు. బిళ్లను రెండు వేళ్లతో అంచున పట్టుకుని, ఎండకు ఏటవాలుగా తిప్పాడు.

"మీనార్ల కొసలు సూడు, అరిగినయ్. శానా చేతులు తిరిగింది. ఇగ నీ గాటు. కరిస్తె కిందా మీదా రెండు దిక్కుల పడాలె. ఒక్క దిక్కే ఉన్నది. పాత దెబ్బయితె నల్లగైతది. గిది తెల్లగ మెరుస్తున్నది. అంటె ఇయ్యాల్టిదే. రోడ్డు మీద రాయి తాకిందిరా!"

నాకు కొంచెం ఊపిరి వచ్చింది. అంతలో తాత తన డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"గీడున్నయి గూడ అన్నీ సచ్చినోళ్లయే."

డబ్బాను ఒళ్లోంచి దూరంగా నెట్టేశాను.

"పెండ్లయినప్పటిసంది తలకాయ కింద పెట్టుకొని పంటున్న. ఒక్కడన్న రాలె. బిళ్ల హాలత్ మంచిగనే ఉన్నది. నీదే అరిగింది."

అప్పుడు నవ్వానో ఏడ్చానో గుర్తు లేదు. ఆ రాత్రి మాత్రం తాత పక్కనే పడుకున్నాను.

ఇప్పటికీ నేను పిరికివాణ్ణే. ఈ మధ్య దవాఖానాలో నా ఎక్స్‌రే ఫిల్మ్ చేతిలో పెట్టినప్పుడు, చూడకుండానే కవర్లోకి తోసేద్దామనిపించింది. అయినా దాన్ని అంచులతో పట్టుకుని, కిటికీ వెలుగుకు తిప్పి, "డాక్టర్ సాబ్, గీ మచ్చ పాతదా కొత్తదా?" అని అడిగాను. పాతదేనన్నాడు.

తాత పోయాక ఆయన డబ్బా నా దిండు కింద ఉంటోంది. అందులో ఉన్నవన్నీ పోయినవాళ్ల పైసలే, ఇప్పుడు పోయిన తాతవి కూడా. ఆయన చెప్పింది నిజమే, ఇన్నేళ్లలో ఒక్కరూ అడగడానికి రాలేదు. ఆయనొక్కడు వస్తే బాగుండునని, తలుపు కిర్రుమన్నప్పుడల్లా అటు చూస్తాను.