ప్రమిద ఖాళీగా ఉందంటే తిన్నట్టే

మా విజయనగరం వైపు పెళ్ళి భోజనాల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. ఆకులో చోటు కనిపిస్తే చాలు, వడ్డించేవాళ్ళు ఊరుకోరు. చాలు అంటే మొహమాటం అనుకుంటారు. చెయ్యి అడ్డం పెడితే చేతి మీద వేస్తారు. ఒకసారి శృంగవరపుకోటలో ఇక తినలేక రెండు బూరెల్ని ఆకు మడత కింద దాచాను. ఖాళీ చూసి మరో మూడు వేశారు. ఈ రోజుల్లో ఇలా తినే మనిషి లేడని పక్కనున్న పెద్దాయన నన్ను మెచ్చుకున్నాడు కూడా.

అదలా ఉంచి ఎలుకల సంగతికి వస్తాను.

మా బావమరిదికి గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం. క్వార్టర్‌లో ఒక్కడే ఉంటాడు. ఒక్కడే అంటే, తనూ రెండు జెర్బిల్‌లూ. జెర్బిల్ అంటే పెంచుకునే ఎడారి ఎలుక. పిడికిలికి కాస్త తక్కువ ఒళ్ళు, ఒంటితో సమానంగా తోక, తోక చివర చిన్న కుచ్చు. వాటిని కొన్నది అతని భార్య. ఆమె పోయి ఏడాదిన్నరయింది. ఆమె గురించి అతను మాట్లాడడు. ఎలుకల గురించి మాట్లాడతాడు. మేం వింటాం.

కిందటేడు అతనికి ఒడిశాలో నాలుగు వారాల డ్యూటీ పడింది. అద్దాల తొట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మా ఇంటికి వచ్చాడు. తొట్టెలో జానెడు మందాన కర్రపొట్టు, ఆ పొట్టులో అవి తవ్వుకున్న సొరంగాలు, పైన తిండికి ఒక మట్టి ప్రమిద. ఒక కాగితం మీద వివరాలన్నీ రాసి తెచ్చాడు. బూడిద రంగుది వయసులో పెద్దది, డెబ్భై రెండు గ్రాములు. గోధుమ రంగుది చిన్నది, డెబ్భై ఎనిమిది. రెండింటికీ కలిపి రోజుకు పది గ్రాముల గింజల మిశ్రమం. సొరంగాలు చెదిరితే బెంగపడతాయి కాబట్టి పొట్టు కదపకూడదు. రాయనిది ఒక్కటే, నోటితో రెండుసార్లు చెప్పాడు: పెద్దదానికి మూడేళ్ళు దాటాయట, అది ఎలా ఉందో రోజూ చూస్తూ ఉండమని.

నేను బాధ్యత గల మనిషిని. డిగ్రీలో సైన్సు చదివాను. వంటింటి త్రాసు తెచ్చి తొట్టె పక్కన పెట్టాను. రూళ్ళ నోటుబుక్కు ఒకటి తీశాను. పొద్దున్న పది గ్రాములు తూచి ప్రమిదలో పోశాను. సాయంత్రానికి ప్రమిద తుడిచిపెట్టినట్టుంది. పాపం ఆకలి మీదున్నాయి, కొత్త చోటు కదా అనుకుని మరో పది పోశాను. తెల్లారేసరికి అదీ లేదు. అప్పట్నుంచి రెండు పూటలా పది. ఖాళీ ప్రమిదను చూస్తూ ఊరుకోవడం మా వంశంలో లేదు.

ఆ తిండిలో పొద్దుతిరుగుడు గింజలు, కొర్రలు, జొన్నలు, ఆకుపచ్చ బిళ్ళలు ఉంటాయి. పోషకాలన్నీ బిళ్ళల్లోనే అని డబ్బా మీద రాసుంది. ఇవి మహా నసపెట్టే జీవులు, బిళ్ళ ముట్టవు, పొద్దుతిరుగుడు గింజే ఏరుకుంటాయి అని బావమరిది ముందే చెప్పాడు. నా దగ్గర బిళ్ళ కూడా మిగలడం లేదు. వాటి మారాం నేను వారంలో మాన్పించానని నా నమ్మకం. ఆ మాట ఆఫీసులో ఇద్దరికి చెప్పాను కూడా.

మా అమ్మ మాతోనే ఉంటుంది. సాలూరు దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి. ఇవి జెర్బిల్‌లు అని నేను పరిచయం చేశాను. ఆమె కాసేపు చూసి “ఎలకలు” అంది. తర్వాత ఆ గది గుమ్మం దాటలేదు. దాటలేదని మేం అనుకున్నాం.

బావమరిది రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. అక్క ఎలా ఉందని అడిగేవాడు కాదు.

“తిన్నాయేటి, బావ?”

నేను నోటుబుక్కు తెరిచి, పొద్దున్న పది, సాయంత్రం పది, మిగులు సున్నా అని చదివేవాణ్ణి. పెద్దది బాగుందా అంటే, ఇంత తింటున్నది బాగుండక ఏం చేస్తుంది అనేవాణ్ణి. అతను “సరే బావ” అని పెట్టేసేవాడు.

పందొమ్మిదో రోజు నా భార్య తొట్టె ముందు వంగి కాసేపు చూసింది. పెద్దది మూల ముడుచుకుని కూర్చుందట, నడుం దగ్గర ఎముక తెలుస్తోందట. ముసలితనం అన్నాను. తూచి చూడమంది. నిజానికి ఆ పందొమ్మిది రోజులూ త్రాసు మీద నేను తిండినే తప్ప ఎలుకను పెట్టలేదు. ఆ ఆలోచనే రాలేదు. ప్లాస్టిక్ డబ్బాలో దాన్ని కూర్చోబెట్టి, డబ్బా బరువు తీసేసి చూశాను.

యాభై నాలుగు.

త్రాసు పాడైందనుకున్నాను. కిలో పంచదార పొట్లం పెడితే సరిగ్గా కిలో చూపించింది. పంచదార తీసి మళ్ళీ ఎలుకను పెట్టాను. యాభై నాలుగే. చిన్నదాన్ని తూచాను. అది ఎనభై ఎనిమిది. నా చేతుల మీదుగా మూడు వందల ఎనభై గ్రాముల తిండి లోపలికి పోయింది, పావు వంతు ఎలుక బయటికి పోయింది. నేను తొట్టె పక్కనే నేల మీద కూర్చుండిపోయాను.

తెలిసిన పశువుల డాక్టరు ఒకాయనకు ఫోన్ చేశాను. బరువెంత అని అడిగారు. చెప్పాను. మా సూదే అంతుంటుందండీ అన్నారు. తిండి మిగులుస్తోందా అని అడిగితే, గింజ కూడా మిగలదన్నాను. అయితే తింటున్నట్టే కదా అన్నారు. నేనూ అదే అంటున్నాను.

ఫోన్ పెట్టి తిరిగేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. మా మాటలన్నీ విన్నట్టుంది.

“ఎలక ఎంత తిన్నాదో గిన్నెలో సూస్తే ఏటి తెలస్తాదిరా. కన్నంలో సూడాల.”

పొట్టు కదపకూడదని బావమరిది కాగితం మీద రాశాడని చెప్పాను. ఆమె ఆ కాగితం వైపు కూడా చూడకుండా నా భార్యను చెంచా అడిగింది. చిన్నప్పుడు కోతలయ్యాక ఆడవాళ్ళందరూ గునపాలు పట్టుకుని పొలం గట్ల మీదకి వెళ్ళేవారట. ఎలుకలు కన్నాల్లో దాచిన వరి వెన్నుల్ని తవ్వి తీసుకుని, దులిపి, దంచి వండుకునేవారట. ఎలుక పడుకునే చోటు వేరు, దాచుకునే చోటు వేరు అని, పడక దగ్గర తవ్వి టైము పాడుచేసుకోకూడదని చెబుతూ ఆమె తొట్టెలో కాగితపు ముక్కలున్న మూలను వదిలేసింది. రెండో మూల, అద్దం నుంచి నాలుగు వేళ్ళ దూరంలో చెంచా దింపింది.

మొదటి చెంచాకే ఆకుపచ్చ బిళ్ళలు వచ్చాయి. రెండో చెంచాకి జొన్నలు, కొర్రలు, మళ్ళీ బిళ్ళలు. పళ్ళెం పట్టుకున్న నా చెయ్యి క్రమంగా బరువెక్కింది. అడుగున, అద్దానికి ఆనుకుని, మొదటి రోజు వేసిన జొన్నలు ఉన్నాయి. మారాం మాన్పించానని ఆఫీసులో చెప్పిన బిళ్ళలు ఒక్కటి తక్కువ కాకుండా అన్నీ ఉన్నాయి. వాటి మధ్య జీడిపప్పు పలుకులు పదకొండు. నేను వేయలేదు. నా భార్య వేయలేదు. అమ్మ కిటికీ వైపు చూసింది.

జీడిపప్పు తీసేసి మిగతాది తూచాను. రెండు వందల నలభై గ్రాములు. చిన్నది ప్రమిద నిండగానే ముందు పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తిని, తక్కినదంతా మోసుకుపోయి దాచేది. పెద్దది వచ్చేసరికి ఖాళీ ప్రమిద. ఎప్పుడైనా ఒక గింజ దొరికినా, ముసలి పళ్ళతో పెంకు ఒలుచుకోలేక వదిలేసేది. ఇదంతా మరునాడు నేను గంటసేపు కదలకుండా కూర్చుని చూస్తే తెలిసింది. మొదటి రోజే కూర్చుని ఉంటే మొదటి రోజే తెలిసేది.

అమ్మ పళ్ళేన్నీ నా నోటుబుక్కునీ పక్కపక్కన చూసింది. ఆమెకు చదువు రాదు, కానీ వరసల్లో ఉన్నవి అంకెలని తెలుసు.

“నువ్వెట్టింది రాసేవు. అవి తిన్నాది రాయలేదు” అంది. చెంచా కడగడానికి వెళ్ళిపోయింది.

అది చూశాక తొట్టె మధ్య అట్ట అడ్డం పెట్టాం. నా భార్య గింజలు ఒలిచి, ఉడికిన గుడ్డు గోరంత గిల్లి, పెద్దదానికి అరచేతిలో పెట్టేది. అది రెండు చేతులతో పట్టుకుని, మా ముగ్గుర్నీ ఒక్కొక్కరినే చూస్తూ నెమ్మదిగా నమిలేది. ప్రమిదలో వేసింది కాక, దాని నోట్లోకి వెళ్ళింది రాయడం మొదలుపెట్టాను. పూటకు రెండు గ్రాములు దాటడం గగనమయ్యేది. యాభై నాలుగు, యాభై ఐదు, మళ్ళీ యాభై నాలుగు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. తర్వాత యాభై ఏడు.

తమ్ముడికి చెప్పెయ్యమని నా భార్య అంది. అరవై దాటాక చెబుతానన్నాను. మనిషి దూరంలో ఉన్నాడు, ఊరికే కంగారు పెట్టడం దేనికని నా వాదన. సాయంత్రం ఫోన్ మోగేది. తిన్నాయేటి బావ అనేవాడు. తిన్నాయి అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. నిజం కూడా ఎంతో లేదు.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున్న పెద్దది అరవై ఒకటి తూగింది. మధ్యాహ్నానికి బావమరిది వచ్చాడు. భుజం మీది సంచి దించకుండానే గదిలోకి వెళ్ళి తొట్టెలో అరచెయ్యి పెట్టాడు. పెద్దది వాసన చూసి, చేతిలోకి ఎక్కింది. అతను చెయ్యి పైకెత్తి, కొద్దిగా ఆడించి, ఆగిపోయాడు. అతనికి త్రాసు అవసరం లేదు. రెండో చెయ్యి తెచ్చి దాని కింద పెట్టాడు, ఒక్క చేతిలో జారిపోతుందేమో అన్నట్టు.

జరిగిందంతా చెప్పాను. దాచిన గింజలు, పళ్ళెం, అట్ట, గుడ్డు. ప్రమిద ఖాళీగా ఉంటే తిన్నాయనే ఎవరైనా అనుకుంటారు అన్నాను. నోటుబుక్కు తెరిచి చివరి తొమ్మిది రోజుల పేజీ చూపించాను. అతను నిలబడే మొదటి పేజీకి తిప్పమన్నాడు. అక్కణ్ణుంచి చదివాడు. పందొమ్మిదో రోజు దగ్గర ఆగి, ఆ తర్వాతి రోజులు వేలితో ఒక్కొక్కటే దాటాడు. నా భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“రోజూ అడిగేను బావ” అన్నాడు, పెద్దదాన్ని చొక్కా జేబులో పెట్టుకుంటూ. “ముందు నువ్వు దాన్ని సూడకండా సెప్పేవు. తర్వాత సూసి కూడా సెప్పలేదు.”