నాలుక దాటని మాత్ర

క్లావీన్ పార్డీ ముప్పై నాలుగేళ్లుగా ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే నర్సు. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ దీవి దక్షిణపు ఒడ్డున ఏడు రేవుల్లో ఎవరి ప్రాణం పోతున్నా, పాదిరి కంటే ముందు ఆవిడ కారే గుమ్మంలో ఆగేది. అందుకే ఆ కారు కనబడితే జనం కిటికీ తెరలు లాక్కునేవారు. చావును ఆవిడే డిక్కీలో వేసుకొని తిరుగుతున్నట్టు. తమకు నొప్పి మొదలైన రోజున మాత్రం అదే తెర పక్కకు తీసి, ఇంకా రాలేదేమని విసుక్కునేవారు.

ఆ ఏప్రిల్లో ఆవిడ చేతికొచ్చినవాడు ఎల్డ్రెడ్ హాన్, కాడ్ చేపలు పట్టి ముసలివాడైన మనిషి. కాలేయంలో క్యాన్సరు. పెళ్లి చేసుకోని అక్క ఆర్ఫా, ఎనభై నాలుగేళ్లది, అతని ఇంటినీ నోటినీ కూడా ఏలేది. ఆవిడకు వైద్యంలో తెలిసిన సూత్రం ఒక్కటే: మింగేవాడు బతుకుతాడు. కాబట్టి తమ్ముడు మింగడం మానేసిన రోజు నుంచి మాత్రలు నూరి, జామ్‌లో కలిపి, చెంచాతో కుక్కడం మొదలుపెట్టింది.

"ఆ మాత్ర నూరకూడదత్తా. పన్నెండు గంటలు మెల్లగా కరగాల్సిన నొప్పి మందు. నూరితే అంతా ఒక్కసారే ఒంట్లో పడుతుంది," అంది క్లావీన్.

"నువ్వు పుట్టకముందు వీడికి చేప నూనె పట్టించినదాన్ని. నాకు చెప్పొచ్చావా?"

"అప్పుడాయనకు పళ్లుండేవి. కరుస్తాడని నువ్వూ కాస్త జాగ్రత్తగా పోసేదానివి."

ఆ మాట అయ్యేలోపే జామ్ అడ్డదారి పట్టింది. ఎల్డ్రెడ్ దగ్గి దగ్గి నీలం తిరిగాడు. క్లావీన్ అతన్ని పక్కకు ఒత్తిగిల్లబెట్టి నోరు శుభ్రం చేసింది. ఊపిరైతే కుదుటపడింది కానీ, మూలుగు ఆగలేదు.

ఆవిడ పట్నంలోని డాక్టరుకు ఫోన్ చేసింది. మింగగలడా అని అడిగాడాయన. లేడంది. "అయితే చర్మం కింద ఇవ్వండి," అన్నాడు, ఆ దారి తనే కనిపెట్టినంత ఠీవిగా. చిన్న సూది అప్పటికే పళ్లెంలో సిద్ధంగా ఉందని చెప్పి ఆయన సంతోషం చెడగొట్టడం ఎందుకని క్లావీన్ ఊరుకుంది.

ఆర్ఫా మంచానికి అడ్డంగా నిలబడింది. "సూది పడిందంటే ఇక అయిపోయినట్టేగా. నా చేతి ముద్ద మింగినంతసేపే వీడు నాకున్నట్టు. నేనొప్పుకోను."

క్లావీన్ తన సంచి తెరిచింది. చివర స్పాంజి ముక్క ఉన్న పుల్ల ఒకటి తీసి ఆర్ఫా చేతిలో పెట్టింది. "డబ్బా పాల టీలో ముంచి, బాగా పిండి, పెదాలూ బుగ్గల లోపలా తడుపు. గొంతులోకి పోనివ్వకు. ఈ పని నా చేతికంటే నీ చేతికే బాగా కుదురుతుంది."

ఆర్ఫా పక్కకు జరిగింది. సూది కాలర్ ఎముక కింద చర్మంలోకి దిగింది, మందు ఆ దారిన వెళ్లింది. గంట తిరక్కుండా ఎల్డ్రెడ్ నుదుటి ముడి విడింది. స్పాంజిని ఒకసారి చప్పరించాడు కూడా.

"పంచదార చాల్లేదంటున్నాడు," అని ఆర్ఫా తేల్చింది.

మూడో రోజు మధ్యాహ్నం, తడి పెదాలతో, దగ్గు లేకుండా, మూలగకుండా పోయాడు.

క్లావీన్ బేసిన్‌లో నీళ్లు, ఒక తువ్వాలు తెచ్చింది. "మామా, ఇప్పుడు ముఖం తుడుస్తున్నా. నీళ్లు వెచ్చగానే ఉన్నాయి," అంది. చేయబోయేది చెప్పకుండా ఏ మనిషినీ, పోయినవాణ్నైనా, ఆవిడ ముట్టుకోదు.

"పోయినవాడితో కబుర్లేమిటే? మతి పోయిందా?"

"అరవై ఏళ్లు నీ మాట ఆయన విన్నాడా అత్తా? నువ్వు ఆపావా?"

ఆర్ఫా ఆ తువ్వాలు లాక్కుంది. వేడి నీళ్లలో ముంచి, పిండి, మంచం అటువైపుకు నడిచింది.

"ఎడమ చెయ్యి ఎత్తుతున్నాన్రా. బిగించకు," అని ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఎత్తింది.