బగ్దల్ హర్రాజులో రూతమ్మ పాట

బీదర్ మీద నేను ఇంతకుముందు రాసింది చదివినవాళ్లు కోట గురించీ బిద్రీ సామాన్ల గురించీ ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఈసారి అవేవీ లేవు. బీదర్‌కు ముప్పావుగంట దూరంలో ఉన్న బగ్దల్‌లో చర్చి కోత పండుగకు వెళ్లాను. ఆ పండుగలో హర్రాజు ఉంటుంది. మన వైపు వేలం అంటామే, అదే. ఈ ఏడు దాని పక్కనే నోటి క్యాన్సర్ పరీక్షల శిబిరం కూడా పెట్టారు. పెట్టించింది సుగుణ. పటాన్‌చెరులో నాతోపాటు పాఠాలు చెబుతుంది, ఊరు బగ్దల్. ఆమె మేనమామ శామేలు మూడు నెలలుగా జొన్నరొట్టె నమలలేక పాలలో నానబెట్టుకుని తింటున్నాడట. చెంపలోపల పుండుంది, ఎన్నాళ్లైనా మానదు, డాక్టరు మాటెత్తితే లేచి పోతాడు అని అత్త రూతమ్మ ఫోన్‌లో ఏడ్చింది. "పట్నం రమ్మంటె రాడు, బీదర్ రమ్మంటె రాడు. ఇగ దవాఖాననే ఊర్లెకు తీస్కపోతున్న" అంది సుగుణ స్టాఫ్‌రూంలో. పాస్టరును ఒప్పించి, బీదర్ నుంచి ఒక దంతవైద్యురాలిని మాట్లాడి, హర్రాజులో వచ్చింది పరీక్షలో జబ్బు బయటపడినవాళ్ల వైద్యానికే అని చెప్పించింది. పేర్లు రాసుకోవడానికి నన్ను రమ్మంది. ఆదివారం ఇంట్లో ఉంటే ఇస్త్రీ బట్టలు తప్ప ఏం చూస్తాను, సరేనన్నాను.

పొద్దున అయిదున్నరకు పటాన్‌చెరులో జహీరాబాద్ బస్సు ఎక్కాం. తెలంగాణ ఆధార్ ఉంటే ఆడవాళ్లకు జీరో టికెట్టు కాబట్టి అక్కడిదాకా పైసా ఖర్చు లేదు. ఏడుంబావుకు దిగి, బస్టాండు బయట ఇడ్లీ తిని, బీదర్ వెళ్లే కర్ణాటక బస్సు పట్టుకున్నాం. అందులోనూ ఆడవాళ్లకు ఉచితమే, కాకపోతే కర్ణాటక ఆడవాళ్లకు. నేను ధీమాగా ఆధార్ తీసి చూపించాను. కండక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఆ దిక్కు నడుస్తది మేడం, ఈ దిక్కు నడవదు" అని టికెట్టు చేతిలో పెట్టాడు. యాభై రూపాయల లోపే గానీ అలవాటు తప్పిన ఖర్చు కదా, కాస్త కష్టంగానే అనిపించింది. ఎనిమిదిన్నరకు బీదర్ చేరాం.

బగ్దల్ వైపు బస్సులున్నాయి కానీ ఆదివారం వాటిని నమ్ముకోవద్దని సుగుణ అంది. షేర్ ఆటోలో మనిషికి నలభై. మా ఆటో నడిపే మౌలా కొల్హార్ ఫ్యాక్టరీల రాత్రి షిఫ్టు వాళ్లను ఇళ్ల దగ్గర దింపి నేరుగా వచ్చాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒక చెంప ఉబ్బి ఉంది. "హర్రాజుకా? అయితె శామేలు మామ గొంతు ఇంటరు. ఆయన పాడితె మా ఆటో స్టాండు దాక ఇనవడేది. ఇప్పుడు జెర బొంగురువోయింది అంటున్నరు" అన్నాడు. నోట్లో ఏమిటని సుగుణ అడిగితే నవ్వాడు. "గుట్కా అక్కా. నిద్ర రాదు, అంతే." శిబిరానికి రమ్మంటే, "నాకేమైంది? మస్తుగున్న" అని హారన్ కొట్టాడు. నేను సంచి ఒళ్లోకి లాక్కున్నాను. అందులో వక్కపొడి పొట్లం ఉంది. పన్నెండేళ్లుగా తిన్న ప్రతిసారీ చిటికెడు వేసుకుంటాను, రోజుకు ఎన్నిసార్లు తింటానో చెప్పను. వక్క వేరు, తంబాకు వేరు అని అప్పటిదాకా నా గట్టి నమ్మకం.

తొమ్మిదిన్నరకు చర్చి ఆవరణ చేరేసరికి జనం కోతలో తొలి భాగం తెచ్చి మెట్ల మీద పెడుతున్నారు. కందులు, జొన్న కంకులు, బుట్టలో అల్లం, చెరకు గడలు, కాళ్లు కట్టిన కోళ్లు, చంటిపిల్లంత గుమ్మడికాయ. ఒక మూల తెల్లటి డేరా, దాని మీద కన్నడంలో రాసిన బ్యానరు. లోపల కుర్చీ, టార్చిలైటు, చెక్కపుల్లల డబ్బాతో డాక్టరమ్మ. బయట బల్ల దగ్గర రిజిస్టరుతో నేను. ప్రార్థన పదకొండుకు అయిపోయింది. పన్నెండు దాకా నా రిజిస్టరులో పడింది ఒకటే పేరు, పాస్టరుది. మగవాళ్లు డేరాకు నాలుగడుగుల దూరం పెట్టి నడుస్తున్నారు. ఆడవాళ్లు బ్యానరు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోతున్నారు. ఏమ్మా, చూపించుకోరా అని ఒకామెను అడిగితే, "చూపిస్తె ఉన్నదంటరు. ఉన్నదంటె ఊరంత చెప్పుకుంటరు. మా బిడ్డ లగ్గం ఉన్నది" అంది. డాక్టరమ్మ నన్నే పిలిచింది. "మీరైనా రండి టీచర్, చూసి జనానికి హిమ్మత్ వస్తుంది." నేను పొరుగూరిదాన్నండీ అని తప్పించుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

శామేలు మామను అప్పుడే చూశాను. అరవైకి దగ్గర, పొడుగు మనిషి, తెల్ల చొక్కా, భుజాన ఎర్ర తువ్వాల. ఇరవై ఏళ్లుగా ఆ ఊరి హర్రాజు ఆయనే పాడుతున్నాడు, అంటే ధరలు కేకేసి మూడుసార్లు పిలిచేది ఆయనే. మాట్లాడితే పెదాలు సరిగా విడవడం లేదు, మాట పళ్ల సందునుంచి వస్తున్నట్టుంది. సుగుణ చెయ్యి పట్టుకుని డేరా వైపు లాగితే చిన్నగా విడిపించుకున్నాడు. "పండుగకొచ్చినవు, పండుగ చెయ్యి బిడ్డా. వాళ్లు చూస్తరు, కోస్తరు. కోస్తె ఈ గొంతు ఖతం. గొంతు లేకుంటె నేనెందుకు?" ఆయన భయం ప్రాణం గురించి కాదని నాకు అప్పుడు అర్థమైంది. రూతమ్మ పక్కనే నిలబడి ఉంది, పొట్టి మనిషి. అంతా విని వెళ్లి ఆడవాళ్ల చాపల మీద కూర్చుంది.

హర్రాజు పన్నెండున్నరకు మొదలైంది. చూడ్డానికి వెళ్లేవాళ్లకు పద్ధతి తెలియాలి, లేకపోతే నాలాగే అవుతుంది. ఇక్కడ గెలుచుకున్న వస్తువును ఎవరూ ఇంటికి పట్టుకుపోరు. "మల్ల పెట్టు" అని తిరిగిచ్చేస్తారు, దాన్ని మళ్లీ పాడతారు. ఒకే కోడి ఆరుసార్లు అమ్ముడుపోవచ్చు. చివరిసారి కొన్నవాళ్లే తీసుకెళ్తారు. పైసలు లేనివాళ్లు కష్టం పాడవచ్చు. అల్లం బుట్టకు ఒకామె "చర్చి చేన్ల రెండు రోజులు కలుపు" అని పాడితే పాస్టరు అలాగే రాసుకున్నాడు. నేను గుమ్మడికాయ ఎంత పెద్దదో సుగుణకు చూపిద్దామని చెయ్యెత్తాను. శామేలు మామ చూపు నా మీద పడింది. "టీచరమ్మ మూడు వందలు! ఒక్కసారి, రెండుసార్లు, మూడోసారి!" నేను లేచి, పాడలేదండీ, ఊరికే చెయ్యెత్తాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "పాట ఎల్లినంక వాపస్ లేదు టీచరమ్మా. అది దేవుని పాలు. నీకైనా అంతే, నాకైనా అంతే." జనం నవ్వారు. ఒళ్లు మండింది గానీ డబ్బు కట్టి, మళ్లీ పెట్టండి అన్నాను. చప్పట్లు కొట్టారు, కోపం సగం పోయింది.

ఆ గుమ్మడికాయే నాలుగు చేతులు మారింది. అయిదోసారి మాణిక్‌రెడ్డి పటేలు, ఏటా హర్రాజుకు వచ్చే పెద్ద రైతు, వెయ్యి అన్నాడు. శామేలు మామ "వెయ్యి, ఒక్కసారి" అని చెయ్యెత్తగానే రూతమ్మ లేచి నిలబడింది.

"నాది పైసల పాట కాదు, కష్టం పాట" అంది. "హర్రాజు పాడేటోడు ఇప్పుడే పోయి ఆ డేరల నోరు తెరిచి చూపియ్యాలె. ఆయన ఎనక నేను పోత. నా ఎనక మా ఆడోళ్ల సంఘపోళ్లు పద్దెనిమిది మంది వస్తరు."

చాపల మీద ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు కానీ ఎవరూ కాదనలేదు. ముందే మాట్లాడుకున్నారేమో. శామేలు మామ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "ఎవలన్న తమ కష్టం పాడాలె. ఎదుటోని కష్టం పాడుడు ఎక్కడిది?"

"ముప్పై రెండేండ్లాయె నీకు రొట్టెలు కొట్టవట్టి. నీ కష్టం నాది కాకుంటె ఎవలదయ్యా?"

జనం గొల్లుమన్నారు. ఆయన పాస్టరు వైపు తిరిగాడు. పాస్టరు పుస్తకం మూసి, "పొద్దుగాల్నుంచి ఆ డేరల నేను తప్ప మనిషి పోలె. ఇరవై మంది పోతరంటె నాకైతె వెయ్యి కన్న పెద్ద పాటే" అన్నాడు.

వేరే దారి లేదు. పాడింది ఆయన భార్య, నియమం ఆయనది, పిలవాల్సిన గొంతూ ఆయనదే. "రూతమ్మ పాట" అన్నాడు. "ఒక్కసారి." ఆగాడు. "రెండుసార్లు." అక్కడ ఇంకా ఆగాడు. "పటేలా, కాయ మంచిగున్నది, ఇంకో వంద ఎయ్యరాదు" అని బతిమాలాడు. పటేలు చెప్పు సర్దుకుంటూ, "మా ఇంట్ల గుమ్మడికాయలే గుమ్మడికాయలు" అన్నాడు. శామేలు మామ కళ్లు గుంపంతా తిరిగి నా మీదికొచ్చాయి. నేను రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చున్నాను. అంత పెద్దమనిషి అలా చూస్తున్నా చేతులు తీయలేదు. రూతమ్మ కూర్చోలేదు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోనూ లేదు. చివరికి "మూడోసారి" అన్నాడు. ఆటో స్టాండు దాకా వినిపించే గొంతట, నాకు అతికష్టం మీద వినిపించింది.

డేరాలో నేను టార్చి పట్టుకున్నాను. "బాయి తెగీరి" అని డాక్టరమ్మ కన్నడంలో అని, మళ్లీ తెలుగులో నోరు తెరవమంది. ఆయన నోట్లో నిలువుగా రెండు వేళ్లు కూడా పట్టలేదు. మామూలుగా మూడు పట్టాలట. ఎడమ చెంపలోపల తెల్లటి మచ్చ, మధ్యలో ఎర్రటి పుండు. వక్కముక్కలు, తంబాకు, సున్నం నలిపి ముప్పై ఏళ్లు పెట్టుకున్న చోటే. ఆమె ఏదీ దాచలేదు. "రేపే బీదర్ దవాఖానకు రావాలి మామా. చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి. చెడ్డది కావచ్చు." ఆయన ఒక్కటే అడిగాడు, "గొంతు పోతదా?" "ఇది చెంపలో ఉంది, గొంతులో కాదు. ఇప్పుడొస్తే మాట పోకుండా చూస్తాం. ఇంకో ఏడు ఆగితే నేను ఏమీ చెప్పలేను." ఆయన తల ఊపి, జేబులోని తంబాకు డబ్బీ తీసి ఆమె బల్ల మీద పెట్టి, బయటికి పోయి మిగిలిన కోళ్ల హర్రాజు పూర్తి చేశాడు. రూతమ్మ, ఆమె వెనక పద్దెనిమిది మంది, ఆ తర్వాత మగవాళ్లు. మధ్యాహ్నం మూడు దాకా నా చెయ్యి ఖాళీ లేదు. అన్నం, మాంసం పులుసు చల్లారిపోయాక తిన్నాం. చివరిపేరు నాదే రాసుకున్నాను. నా నోట్లో రెండున్నర వేళ్లు పట్టాయి. వక్కపొడి కూడా చెంపను గట్టిపరుస్తుందని, ఇకనైనా మానేయమని డాక్టరమ్మ చెప్పింది. నేను సరేనన్నాను, మన సరేలు ఎలాంటివో మనకు తెలుసు. నాలుగింటికి మౌలా ఆటోలోనే వెనక్కి వచ్చాం. అతను మాత్రం డేరా వైపు కూడా చూడలేదు.

పరీక్షలో క్యాన్సరే అని తేలింది. తొలి దశ అన్నారు. ఆపరేషను చేసి చెంపలో కొంత తీసేశారు. వైద్యం ఇంకా ఉంది, ఇప్పుడే పూర్తిగా నయమైందని ఎవరూ అనడం లేదు. ఆ గుమ్మడికాయను రూతమ్మ మెత్తగా వండి ఆయనకు పెట్టిందట, నాకూ పంపిన ఒక ముక్క సుగుణ తెచ్చిచ్చింది. ఆ సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. మాట ముద్దగా ఉంది, కొన్ని అక్షరాలు జారిపోతున్నాయి. "టీచరమ్మా, సంచిల వక్కపొడి ఇంక ఉన్నదా?" సుగుణ చెప్పినట్టుంది. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. ఉంది మామా అన్నాను. "అయితె ఇను. ఒక్కసారి." ఊపిరి తీసుకున్నాడు. "రెండుసార్లు." ఫోన్ పెట్టలేదు, ఆగి ఉన్నాడు. నేను లేచి పొట్లం చెత్తబుట్టలో పడేసి వచ్చి, మూడోసారి మామా అన్నాను. "వాపస్ లేదు" అని పెట్టేశాడు.

శిబిరాలు చాలా చూశాను, మా బడిలోనే ఏటా ఒకటి పెడతాం. బ్యానర్లు కడతాం, కరపత్రాలు పంచుతాం, జనం రాలేదని తిట్టుకుంటాం. బగ్దల్‌లో జనాన్ని డేరాలోకి తెచ్చింది కరపత్రం కాదు, తన నియమం తానే తప్పలేని ఒక మనిషి, అది తెలిసి పాడిన ఆయన ఇల్లాలు. కోటలు ఎక్కడికీ పోవు, వచ్చే ఏడు కోతల తర్వాత బీదర్ వైపు వెళ్తే ఒక ఆదివారం ఈ హర్రాజుకు పెట్టుకోండి. చేతులు మాత్రం ఊరికే ఎత్తకండి. సూచన ఒకటే: బయల్దేరే పొద్దున అద్దం ముందు నిలబడి, మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడతాయో లేదో చూసుకోండి. పట్టకపోతే హర్రాజు దాకా ఆగకండి.